పాట ఆగిన చోట రోజెట్టా గిటార్

క్లీవ్‌లాండ్‌లోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు 1986లో మొదటి విడత గౌరవాలు ప్రకటించినప్పుడు ఆ జాబితాలో ఒక్క స్త్రీ కూడా లేదు. ఎల్విస్ ప్రెస్లీ ఉన్నాడు, చక్ బెర్రీ ఉన్నాడు, లిటిల్ రిచర్డ్ ఉన్నాడు. 1938 డిసెంబర్‌లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో నల్లజాతి సంగీతంతో పెద్ద కచేరీ ఏర్పాటు చేసిన తెల్లజాతి నిర్మాత జాన్ హామండ్ కూడా ఉన్నాడు. ఆ కచేరీలో గిటార్ పట్టుకుని పాడిన ఇరవై మూడేళ్ళ సిస్టర్ రోజెట్టా థార్ప్ మాత్రం 2018 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఆమె చనిపోయి 45 ఏళ్ళు. చేర్చుకున్నది కూడా ప్రదర్శకుల వరుసలో కాదు, 'తొలి ప్రభావాలు' అనే విడి అరలో.

ఆలస్యం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నన్ను ఇబ్బంది పెట్టేది ఆలస్యం కన్నా ఆ తర్వాత ఆమెకు స్థిరపడిపోయిన బిరుదు. 'గాడ్‌మదర్ ఆఫ్ రాక్ అండ్ రోల్'. మన క్రైస్తవ కుటుంబాల్లో జ్ఞానతల్లి అంటారే, ఆ మాట. ఆమె మీద వచ్చే ఏ వ్యాసం చూసినా, ఏ డాక్యుమెంటరీ చూసినా ముందు ఈ తల్లితనం వస్తుంది. వెంటనే కొడుకుల పేర్లు వస్తాయి. ఎల్విస్ ఆమె గిటార్ని ఇష్టపడ్డాడు. జానీ క్యాష్ 1992లో తన గౌరవ సభలో ఆమె పేరు తల్చుకున్నాడు. లిటిల్ రిచర్డ్‌ని కుర్రతనంలో ఆమే స్టేజీ ఎక్కించింది. ఇవన్నీ నిజాలే. కానీ ఈ వరుస చదివాక ఆమె గిటార్ ఎలా వాయించేదో మనకేమన్నా తెలిసిందా? ఎవరెవరు విన్నారో తెలిసింది, అంతే. గొప్ప కొడుకుల్ని కన్న తల్లి అంటే, ఆమె గొప్పతనానికి లెక్క కొడుకుల దగ్గర తేల్చుకోవాలన్నమాట.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో వచ్చింది, గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది కాబట్టి తొలి కథ ఎవరిది అని మనం ఎన్ని సభల్లో, ఎన్ని ప్రత్యేక సంచికల్లో వాదించుకున్నాం! ఆ వాదన అవసరమే, నేనూ ఒకటి రెండు చోట్ల దిగాను. అయితే ఆ వాదనలో ఖర్చుపెట్టిన కాగితంలో పదోవంతు అచ్చమాంబ కథలో సంభాషణ ఎలా నడుస్తుంది, భార్యాభర్తల మధ్య ఆ డబ్బు గొడవని ఆమె ఎక్కడ బిగించి ఎక్కడ వదిలింది అన్న దానికి ఖర్చుపెట్టామా? 'తొలి' అనే కుర్చీ వేసి కూర్చోబెట్టాక ఇక రచన చదవాల్సిన పని తీరిపోయినట్టు ఉంటుంది మన వ్యవహారం. రోజెట్టాకి జరిగిందీ అదే. మొదట ఆమెని మర్చిపోయారు. తర్వాత తల్లిని చేశారు. రెండుసార్లూ గిటార్ వినడం మిగిలిపోయింది.

అందుకని ఈ వ్యాసంలో నేను ఆమె గిటార్ దగ్గరే ఉండదల్చుకున్నాను. ముఖ్యంగా పాట మధ్యలో ఆమె గొంతు ఆపి వాయించే ఆ కొద్ది క్షణాల దగ్గర. నాకు గిటార్ వాయించడం రాదు. నా పరిశోధన తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. సంగీతం నేర్చుకున్నది చిన్నప్పుడు నాలుగేళ్ళు, వీణ, ఒక వర్ణం దాకా. ఆ చెవితోనే వింటున్నాను.

జీవితం క్లుప్తంగా చెప్పుకుందాం. 1915 మార్చి 20న ఆర్కన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే ఊళ్ళో పుట్టింది. పేరులోనే పత్తి ఉన్న ఊరు. తల్లి కేటీ బెల్ నూబిన్ మాండొలిన్ వాయిస్తూ, పాడుతూ ఊరూరా తిరిగే సువార్తికురాలు. ఆరేళ్ళ పిల్లని తీసుకుని ఆమె షికాగో చేరింది. అప్పటికే ఆ పిల్ల గిటార్ వాయిస్తోంది. చర్చిలో జనానికి కనబడదని పియానో మీద నిలబెట్టి పాడించేవాళ్ళట. 1934లో థామస్ థోర్ప్ అనే బోధకుడితో పెళ్ళయింది. ఆ పెళ్ళి నిలవలేదు, ఆ ఇంటిపేరు మాత్రం ఒక అక్షరం మారి 'థార్ప్'గా జీవితాంతం ఉండిపోయింది. లోకం ఆమెను గుర్తుపెట్టుకున్నది వదిలేసిన భర్త పేరుతో, అదీ తప్పు స్పెల్లింగుతో!

వాళ్ళది 'చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్' అనే పెంతెకొస్తు సంఘం. ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ సంఘంలో తంబురిన్, డ్రమ్స్, గిటార్ అన్నీ ఆరాధనలో భాగమే. పాత ప్రతిష్ఠ గల చర్చీలు సైతాను వాద్యాలుగా చూసినవాటిని వీళ్ళు దేవుడి ముందుకి తెచ్చారు. కానీ స్త్రీల విషయానికొచ్చేసరికి గీత గట్టిగా ఉంది. స్త్రీలు 'బోధించవచ్చు', 'ప్రసంగించకూడదు'. పాస్టరుగా అభిషేకం పొందకూడదు. బోధనకీ ప్రసంగానికీ తేడా ఏమిటంటే, ఒకటి ఆడవాళ్ళు చేసేది, రెండోది మగవాళ్ళు చేసేది. కేటీ బెల్ జీవితమంతా ఆ గీత మీదే నడిచింది. కూతురు ఆ గీతని గిటార్‌తో దాటిందని నా అభిప్రాయం. ఆ చర్చీల్లో ప్రసంగం ఒక ఎత్తుకి చేరాక మాట అర్థం వదిలేసి స్వరమైపోతుంది. బోధకుడు ఒకే మాటని పదే పదే అంటాడు, ఆగుతాడు, జనం కేక వేస్తారు, ఆ కేక మీద మళ్ళీ లేస్తాడు. ఈ నిర్మాణం మనసులో పెట్టుకుని రోజెట్టా సోలో వినండి. అదే నిర్మాణం వినబడుతుంది. వేదిక ఎక్కకూడదన్న చోట ఆమె ఆరు తీగల మీద ప్రసంగం చేసింది.

సోలో అంటే ఏమిటో కూడా ఒక మాట చెప్పుకోవాలి. పాట మధ్యలో గాయకులు ఆగుతారు. ఒక వాద్యం ముందుకొచ్చి కొన్ని ఆవర్తాలు తన మాట తను చెప్పి మళ్ళీ పాటని అప్పజెబుతుంది. బ్లూస్‌లో అయితే సాధారణంగా పన్నెండు బార్ల చుట్టు ఒకటో రెండో. మన కచేరీల్లో తని ఆవర్తనం దీనికి దగ్గరగా కనబడుతుంది. గాయకుడు తాళం వేస్తూ కూర్చుంటే మృదంగం, ఘటం చెలరేగుతాయి (సగం సభ కాఫీకి లేస్తుంది, అది వేరే సంగతి). రాక్ సంగీతంలో 1960ల చివరి నుంచి గిటార్ సోలో ఒక వీరుడి ఘట్టమైపోయింది. కాళ్ళు ఎడంగా పెట్టి, గిటార్ నడుము కిందికి జార్చి, కళ్ళు మూసుకుని, వేగమే గొప్పగా, పొడవే గొప్పగా సాగే ఆ తంతు మీకు తెలిసిందే. పత్రికల్లో వాడే మాటలు కూడా వేట మాటలు, యుద్ధం మాటలు. 'గిటార్ హీరో' అనే పదానికి స్త్రీలింగం ఎవరూ వెతకలేదు. ఆ కొలమానం పట్టుకుని రోజెట్టా దగ్గరికి వెళితే ఆమె సోలోలు పొట్టిగా అనిపిస్తాయి. మొదలైంది అనుకునేలోపు అయిపోతాయి. ఆమెని విమర్శకులు వినకపోవడానికి ఇదొక కారణం అనుకుంటాను. వాళ్ళు వెతుకుతున్న ఆకారం అక్కడ లేదు.

అక్కడున్నది వేరు. 1938 అక్టోబర్ 31న ఆమె డెక్కా కంపెనీకి మొదటిసారి నాలుగు పాటలు రికార్డు చేసింది. తోడు ఎవరూ లేరు, గొంతు, గిటార్, అంతే. వాటిలో 'రాక్ మీ' థామస్ డోర్సీ రాసిన భక్తి పాట ఆధారంగా పాడింది. పాదం పాడుతుంది, ఆ పాదం చివర గొంతు ఊపిరి తీసుకునే సందులో గిటార్ జవాబు చెబుతుంది. ఆ జవాబు ప్రతిసారీ ఒకటి కాదు. ఒకసారి పాదాన్ని ఒప్పుకున్నట్టు అదే స్వరం మీద దిగుతుంది. ఇంకోసారి ఎగతాళి చేస్తున్నట్టు పై తీగ మీద గబగబా నాలుగు ముక్కలు విసిరి తప్పుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఆమె తనకు తానే పక్కవాద్యం. అయితే ఈ పక్కవాద్యం ప్రధాన గాయని చెప్పినట్టల్లా వినేరకం కాదు. పాట మధ్యలో గొంతు పూర్తిగా ఆగి గిటార్ ఒక్కటే మిగిలినప్పుడు మనకు కొత్త మనిషి రంగం మీదికొచ్చినట్టు అనిపించదు. ఇంతసేపూ పక్కనుంచి మాట్లాడుతున్న మనిషే ఇప్పుడు వరుస తీసుకుంది అనిపిస్తుంది. అందుకే ఆమె సోలోకి ప్రవేశం ఆర్భాటంగా ఉండదు. సంభాషణలో వంతు వచ్చింది, మాట్లాడింది.

రెండో రికార్డు 'స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే'. 1944లో రికార్డయి 1945లో బిల్‌బోర్డ్ వాళ్ళ 'రేస్' పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. నల్లవాళ్ళ సంగీతానికి అప్పట్లో పెట్టిన పేరు అది, 'రేస్ రికార్డులు'. ఈ రికార్డులో పియానో సామీ ప్రైస్. ఆయన తర్వాతి కాలంలో ఒక విషయం చెప్పుకొచ్చాడు. రోజెట్టా గిటార్ శ్రుతి వింతగా ఉండేదట, జాజ్ వాళ్ళు వాయించే శ్రుతుల్లో పాడేది కాదట, మెడ మీద కేపో బిగిస్తేనే వాయిస్తానని తను పట్టుబట్టాడట. కేపో అంటే గిటార్ మెట్ల మీద అడ్డంగా బిగించే పట్టీ, శ్రుతి పైకి మార్చడానికి. ఈ ముచ్చట చెప్పేవాళ్ళంతా దాన్ని ఒక తమాషాగా చెబుతారు. నాకు అందులో రెండు చదువులు ఎదురుపడినట్టు కనబడుతుంది. ఆమె తీగల్ని బిగించుకున్నది దక్షిణాది గ్రామాల్లో వాడుకలో ఉన్న పద్ధతిలో, వేళ్ళు పెట్టకుండా మీటినా ఒక పూర్తి స్వరమేళనం పలికేలాగ. ఎవరూ తోడు లేకుండా చర్చిలో, గుడారంలో, వీధి మూలన ఒక్క గిటార్‌తో నలుగురి పని చెయ్యాల్సిన మనిషికి అదే సరైన శ్రుతి. బొటనవేలు కింది తీగల మీద నడక నడిపిస్తుంటే మిగతా వేళ్ళు పైన పాట పలికిస్తాయి. నగర వాద్యబృందానికి అది 'వింత'. పాట ఆమెది, పేరు ఆమెది, సర్దుకోవాల్సింది మాత్రం ఆమె! సర్దుకుంది. ఆ పట్టీ బిగించుకుని పియానో వేగాన్ని అందుకుని, దాని బూగీ నడక మీద తీగని ఎంత పొదుపుగా మోగించిందో వినండి. పియానో నిండుగా నింపేస్తుంటే ఆమె ఖాళీలు వెతుక్కుంటుంది. తక్కువ స్వరాలు, గట్టి దెబ్బ. ఒకే స్వరాన్ని మూడు నాలుగుసార్లు కొట్టి, వినేవాడు ఇక కదలాలి కదా అనుకున్నప్పుడు ఇంకోసారి కొట్టడం ఆమె ప్రత్యేకత.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1960ల్లో 'టీవీ గాస్పెల్ టైమ్' అనే కార్యక్రమంలో ఆమె వాయించిన 'అప్ అబవ్ మై హెడ్'. ఆ పాటని 1947లో మేరీ నైట్‌తో కలిసి రికార్డు చేసింది. ఒకామె పాదం పాడితే రెండో ఆమె అందుకుని తిప్పి పాడటం ఆ పాట పద్ధతి. ఇద్దరు స్త్రీలు, మధ్యలో మగవాడి గొంతు లేకుండా, కలిసి ఊళ్ళు తిరిగి కచేరీలు చేసుకున్న రోజులవి. టీవీ కార్యక్రమం నాటికి మేరీ పక్కన లేదు. ఆ రెండో గొంతు స్థానంలో వెనక గౌన్లు వేసుకున్న చర్చి గాయకబృందం మొత్తం ఉంది. ముందు రోజెట్టా, చేతిలో తెల్లటి గిబ్సన్ ఎస్.జి. గిటార్, బంగారు రంగు బిగింపులు. పాడుతుంది, బృందం తిప్పి పాడుతుంది. ఉన్నట్టుండి గొంతు ఆగుతుంది. చప్పట్లు ఆగవు. ఆ చప్పట్ల మీద ఆమె సోలో.

ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ నేను గమనించేది ఆమె ఖాళీ వదిలే చోటు. ఒక పదబంధం వాయించి చెయ్యి తీగల మీదనుంచి తీసేస్తుంది. ఆ చిన్న విరామంలో వెనక బృందం ఊగుతుంది, చప్పట్లు ముందుకొస్తాయి. ఆ స్పందన తీసుకుని తర్వాతి పదబంధం మొదలెడుతుంది. పాటలో బృందం ఆమెకి ఎలా బదులిచ్చిందో సోలోలోనూ అలాగే బదులిస్తోంది, మాటలు లేవంతే. పైకి జారుతూ వెళ్ళి చివరి మెట్ల దగ్గర తీగని పక్కకు లాగి స్వరాన్ని వంచుతుంది. వీణ మీద గమకం కోసం తీగని లాగేవాళ్ళకి ఆ వేలినొప్పి తెలుసు. అంత నొప్పి పెట్టే పని చేస్తూ ఆమె ముఖం చూడండి. నవ్వుతుంటుంది. కళ్ళు మూసుకోదు, లోపలికి పోదు. జనం వంక, కెమెరా వంక, తన వేళ్ళ వంక చూస్తుంటుంది, తన వేళ్ళు చేస్తున్నది తనకే బాగా నచ్చినట్టు. సోలో అనే ఇటాలియన్ మాటకి 'ఒంటరిగా' అని అర్థం. ఈ సోలో వింటుంటే ఆ అర్థం సరిపోదు. ఆ చప్పట్లు తీసేసి ఒక్క గిటార్నే వినగలిగితే సగం స్వరాలు ఎందుకున్నాయో తెలియదు.

ఆమె ఆనందం గురించి ఇంకో మాట. స్త్రీ తన నైపుణ్యాన్ని బహిరంగంగా చూసుకుని మురిసిపోవడం మనకు అలవాటు లేని దృశ్యం. నేను చదివిన ఆత్మకథల్లో సంగీతం ప్రస్తావన లేనివి తక్కువ. హార్మోనియం నేర్చుకున్నారు, వీణ నేర్చుకున్నారు. పెళ్ళిచూపుల్లో "ఒక పాట పాడమ్మా" అన్నారు. పాడారు. వీణ మీద పావుగంట రాగం వాయించమని అడిగిన పెళ్ళివారు నాకు ఏ ఆత్మకథలోనూ తగల్లేదు. గొంతు వినాలి, అది మర్యాదగా ఉందా లేదా చూడాలి. చేతి పనితనం అక్కర్లేదు. పెళ్ళయ్యాక ఆ వీణ గుడ్డ కప్పుకుని మూలకు చేరుతుంది, ఆ వాక్యం కూడా దాదాపు అన్ని పుస్తకాల్లోనూ ఒకేలా ఉంటుంది. గొంతు ఒంటిలో ఉన్నది కాబట్టి స్త్రీకి 'సహజం'. వాద్యం సాధనతో వచ్చేది, గంటల కొద్దీ ఇంటిపని మానితే తప్ప రానిది. అందుకే గాయనిని ఒప్పుకున్నంత తేలిగ్గా లోకం వాదకురాలిని ఒప్పుకోదు. రోజెట్టా విషయంలోనూ అంతే. గాయనిగా ఆమెకి పేరు ఎప్పుడూ ఉంది. పోయింది గిటారిస్టు.

గిటారిస్టుగా ఒప్పుకున్నవాళ్ళు ఎలా ఒప్పుకున్నారు? "మగాడిలా వాయిస్తుంది" అని. ఆమె కాలంలో ఇదే అత్యున్నత ప్రశంస. ఆమెకంటే ముందు నుంచీ వాయిస్తున్న మెంఫిస్ మిన్నీకీ ఇదే దక్కింది. బిగ్ బిల్ బ్రూన్జీ తన ఆత్మకథలో మిన్నీ మగవాళ్ళకు ఏమాత్రం తీసిపోదని రాశాడు, అదీ పోటీలో తను ఆమె చేతిలో ఓడిపోయిన కథ చెబుతూ. ఓడిపోయినవాడు కూడా కొలబద్ద తన దగ్గరే ఉంచుకున్నాడు. అదే మిన్నీ గురించి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1943 జనవరిలో షికాగో డిఫెండర్ పత్రికలో ఒక కాలమ్ రాశాడు. కొత్త సంవత్సరం రాత్రి ఒక క్లబ్బులో ఐస్‌పెట్టె మీద కూర్చుని ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్న మిన్నీని, ఆ గిటార్లో వినబడే ఉక్కు మిల్లుల మోతని, దక్షిణాది నుంచి వలసొచ్చిన జనాన్ని, నవ్వకుండా డబ్బు లెక్కపెట్టుకునే యజమానుల్ని రాశాడు. మగాడిలా ఉందా, ఆడదానిలా ఉందా అన్న ప్రశ్నే లేదక్కడ. ఆ శబ్దం ఎక్కడినుంచి వస్తోంది, ఎవరి బతుకు అందులో ఉంది అని విన్నాడు. సంగీతం మీద రాయాలనుకునే మన అమ్మాయిలు ఆ ఒక్క కాలమ్ చదివితే చాలా నేర్చుకోవచ్చు. (మిన్నీ, రోజెట్టా ఇద్దరూ 1973లోనే పోయారు, రెండు నెలల తేడాతో.)

నా వైవా రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఒకాయన, మంచి పండితుడే, సిద్ధాంత గ్రంథం మూసి పక్కన పెట్టి "ఆడపిల్ల రాసినట్టు లేదమ్మా, తర్కం చాలా గట్టిగా ఉంది" అన్నాడు. గదిలో అందరూ సంతోషంగా నవ్వారు. మూడో అధ్యాయంలో నేను చేసిన ప్రతిపాదన మీద ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నాకు ఆ ప్రశ్నే కావాలి. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, ఆ ప్రతిపాదనతో గొడవపడితే చాలు. ప్రశంస వచ్చేసింది కాబట్టి గొడవ అక్కర్లేకపోయింది. "మగాడిలా", "తల్లి", ఈ రెండు మాటలూ ఒకే పని చేస్తాయని నాకు రోజెట్టా గురించి చదివేటప్పుడు అర్థమైంది. ఒకటి ఆమెని మగవాళ్ళ వరుసలోకి లాగుతుంది, రెండోది మగవాళ్ళకు వెనక ఒక పీఠం వేస్తుంది.

ఆమె మరుగున పడటానికి ఇదొక్కటే కారణమని అనను. చర్చి పాటల్ని 1938లోనే కాటన్ క్లబ్‌కి తీసుకెళ్ళింది. 1941 నుంచి లక్కీ మిల్లిండర్ బృందంతో డాన్సు హాళ్ళలో పాడింది. చర్చివాళ్ళకి కోపమొచ్చింది. గాస్పెల్ చరిత్ర రాసినవాళ్ళకి ఆమె మరీ లౌకికం, బ్లూస్ చరిత్ర రాసినవాళ్ళకి మరీ భక్తి. 1951 జులైలో వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ స్టేడియంలో టిక్కెట్టు పెట్టి పెళ్ళి చేసుకుంది, ఇరవై వేలమందికి పైగా వచ్చారు. వరుడు ఖరారు కాకముందే నిర్వాహకులతో ఒప్పందం అయిపోయిందని చెబుతారు. పెళ్ళి గౌనులోనే ఎలక్ట్రిక్ గిటార్ వాయించింది. గంభీరమైన చరిత్రకారులకి ఇలాంటి మనిషి ఇబ్బందే. నాకైతే పెళ్ళి అనే తంతుని అంత నిజాయితీగా ప్రదర్శనగా మార్చినవాళ్ళు ఇంకెవరూ గుర్తుకు రావడం లేదు. తర్వాత 1950ల మధ్యలో తెల్ల కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని వచ్చేసరికి ఆమె నలభైకి దగ్గరపడిన నల్లజాతి స్త్రీ, సంగీత వ్యాపారానికి పనికిరాని వయసు, రంగు.

గేల్ వాల్డ్ రాసిన జీవిత చరిత్ర 2007లో వచ్చింది. ఆమె లేకపోతే నాలాంటి దానికి ఈ వివరాలు అందేవి కావు. ఫిలడెల్ఫియాలో రోజెట్టా సమాధికి 35 ఏళ్ళపాటు రాయి కూడా లేదన్న విషయం ఆ పుస్తకం తర్వాతే నలుగురికీ పట్టింది. అభిమానులు చందాలు వేసుకుని, 2008లో ఒక కచేరీ పెట్టి డబ్బు పోగుచేసి రాయి వేయించారు. దాని మీద స్నేహితురాలు రాసిన మాటలున్నాయి. మనం ఏడ్చేదాకా పాడేది, తర్వాత సంతోషంతో చిందులేసేదాకా పాడేది అని. ప్రేమగల మాటలు. వాటిలో గిటార్ లేదు.

గిటార్ కోసం 1964 మే 7న మాంచెస్టర్‌కి వెళ్ళాలి. ఇంగ్లండ్‌లో అప్పుడు కుర్రకారుకి బ్లూస్ పిచ్చి. మడ్డీ వాటర్స్, సోనీ టెర్రీ, బ్రౌనీ మెక్‌గీ లాంటివాళ్ళతో కలిసి రోజెట్టా ఆ దేశం పర్యటిస్తోంది. గ్రనడా టీవీ వాళ్ళు విల్‌బ్రహమ్ రోడ్‌లో మూసేసిన రైల్వే స్టేషన్‌ని అద్దెకు తీసుకుని దాన్ని అమెరికా దక్షిణాది స్టేషన్‌లా అలంకరించారు. బస్తాలు, కోళ్ళు, మేకలు, పాత పోస్టర్లు. ప్రేక్షకులు రైల్లో వచ్చి ఒక ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు, కళాకారులు ఎదుటి ప్లాట్‌ఫారం మీద, మధ్యలో పట్టాలు. నల్లవాళ్ళ పేదరికం ఇలా ఉంటుంది అని తెల్లవాళ్ళు ఊహించి కట్టిన సెట్టింగు అది. ఆ సెట్టింగులోకి రోజెట్టా గుర్రబ్బండిలో వచ్చి, మంచి ఖరీదైన పొడుగాటి కోటు, ఎత్తు మడమల చెప్పులతో దిగింది. నలభై తొమ్మిదేళ్ళు. ఆ కోళ్ళకీ బస్తాలకీ తనకీ ఏ సంబంధమూ లేనట్టు నడిచింది.

అప్పుడే వాన కురిసి ఉంది. మొదట పాడాల్సిన పాట మార్చి 'డిడ్‌న్ట్ ఇట్ రెయిన్' ఎత్తుకుంది, నోవహు జలప్రళయం పాట. తడి ప్లాట్‌ఫారం, చేతిలో కరెంటు గిటార్. వెనక పియానో మీద ఓటిస్ స్పాన్. రెండు చరణాలయ్యాక సోలో. ఇక్కడ చర్చి బృందం లేదు, ఎదురుగా పట్టాలకు అవతల గొడుగులు, కోట్లు కప్పుకున్న ఇంగ్లీషు విద్యార్థులు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో, ఎక్కడ కేక వెయ్యాలో తెలియనివాళ్ళు. ఆమె అలవాటు ప్రకారం పదబంధం వాయించి ఖాళీ వదిలింది. అటునుంచి బదులు సరిగ్గా రాలేదు. రెండో పదబంధం ఇంకొంచెం గట్టిగా, ఆ తెల్లటి గిటార్ గొంతు చీరుకునేలా వాయించి మళ్ళీ ఖాళీ వదిలింది. తనే ఊగింది, తనే నవ్వింది, తల పంకించింది. మూడోసారికి అవతలి ప్లాట్‌ఫారం మీద చేతులు కదలడం మొదలైంది. తాళం ఇంకా అటూ ఇటూగానే ఉంది. ఆమె వాళ్ళ కోసం వేగం తగ్గించలేదు.